ఎలక్ట్రానిక్ సంగీతం చదవాలంటే మన దగ్గరి నుంచి ఏ దారి పట్టాలి?

పోయిన ఎండాకాలం ఇంటర్ పరీక్షలు అయిపోయిన వారానికి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. “మామా, నేను ఎలక్ట్రానిక్ మ్యూజిక్ కంపోజిషన్ చదువుత. చెన్నై పోవాల్నా, బార్సిలోనా పోవాల్నా? లేకపోతే ఈడనే డిగ్రీ చేసుకుంట నేర్చుకోవాల్నా?” వెనుక నుంచి మా అక్క గొంతు వినిపించింది: “పైసలెన్ని అయితయో గూడ అడుగు.”

వాళ్లది మిర్యాలగూడ. మా బావ రైస్ మిల్లులో ఆపరేటర్. ఎలివేటర్ బెల్టు వదులైనా, జల్లెడ ఒక పక్కకు ఒరిగినా మిషన్ దాకా పోకుండానే చప్పుడును బట్టి చెప్పేస్తాడు. ఆ చెవే పిల్లగాడికీ వచ్చింది. మిల్లులో ఫోన్‌తో రికార్డు చేసిన చప్పుళ్లను సగం వేగానికి తగ్గించి, ఒకదాని మీద ఒకటి పేర్చి నాలుగు నిమిషాల ముక్క ఒకటి తయారుచేశాడు. అందులో పల్లవి లేదు, తాళం లేదు. అయినా చివరిదాకా వినబుద్ధయింది.

నేను హైదరాబాద్‌లో సినిమా సౌండ్ ఎడిటింగ్ చేస్తాను. చప్పుళ్లతోనే బతుకుతున్న మనిషిని. అయినా వాడు అడిగిన దానికి ఫోన్‌లో అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. తర్వాత కూర్చుని ఒక్కో దారినీ పక్కపక్కన పెట్టుకుని చూసి రాసుకున్నదే ఇది. నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు వైపు ఇలాంటి పిల్లలు ఇంకా ఉన్నారని నాకు తెలుసు. వాళ్లకూ, వాళ్ల అమ్మానాన్నలకూ పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను.

ఒకే పేరు కింద నాలుగు చదువులు

ఏ ఊరికి పోవాలనేది తర్వాతి మాట. ముందు ఏం చదవాలో తేలాలి. ఎలక్ట్రానిక్ మ్యూజిక్ అనే పేరుతో నాలుగు వేర్వేరు చదువులు నడుస్తున్నాయి. మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

మొదటిది మ్యూజిక్ ప్రొడక్షన్. సాఫ్ట్‌వేర్‌లో ట్రాకులు కట్టడం, బీట్ పెట్టడం, మిక్సింగ్, మాస్టరింగ్. రెండోది సౌండ్ రికార్డింగ్, సౌండ్ డిజైన్. సినిమాకూ ఆటలకూ కావలసిన పని. మూడోది కంపోజిషన్. సమకాలీన సంగీత రచన అనొచ్చు. వయొలిన్‌కు రాసినా, లాప్‌టాప్‌కు రాసినా, రెండూ కలిపి రాసినా అక్కడ నేర్పేది ధ్వనిని కాలంలో ఎలా నిర్మించాలనే ఆలోచన. నాలుగోది సంగీతాన్ని కంప్యూటర్‌తో పరిశోధించడం. రాగాన్ని మిషన్ గుర్తుపట్టగలదా, గమకాన్ని ఎలా కొలవాలి, ఇలాంటి ప్రశ్నలు. ఇందులో గణితం, ప్రోగ్రామింగ్ పాలే ఎక్కువ.

వీటిలో నీది ఏదో తేల్చుకోవడానికి వాడికి ఒక చిన్న పరీక్ష చెప్పాను. “నీ మిల్లు ముక్కను మళ్లీ విను అల్లుడా. వినేటప్పుడు నీకు ఏ ప్రశ్న వస్తదో రాసుకో.” దీని కింద మంచి బీట్ పడితే ఎట్లుంటది అనిపిస్తే ప్రొడక్షన్. ఈ గాలి చప్పుడు లేకుండా శుభ్రంగా ఎట్లా రికార్డు చేయాలి అనిపిస్తే సౌండ్. ఎలివేటర్ చప్పుడు ఆగాక ఎంతసేపు మౌనం ఉండాలి, ఆ తర్వాత ఏది రావాలి అనిపిస్తే కంపోజిషన్. బెల్టు వదులైన చప్పుడును కంప్యూటర్‌తో పట్టించొచ్చా అనిపిస్తే పరిశోధన. వాడు రెండు రోజులు తీసుకుని మూడోదని చెప్పాడు. నాలుగోది కూడా కొంచెం ఉందన్నాడు.

ఈ తేడా తెలియకనే నేను నష్టపోయాను. డిగ్రీ అవ్వగానే కంపోజిషన్ నేర్పుతామన్న ఒక ప్రైవేటు సంస్థలో 1,60,000 రూపాయలు కట్టి చేరాను. ఏడాదంతా నేర్పింది ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ ఎక్కడుందో. ఒక్క రోజు కూడా నేను చేసిన ముక్క విని ఇది ఎందుకు ఇట్లా చేశావని అడిగినవాళ్లు లేరు. ఆ డబ్బు మా నాన్న రెండు ఎకరాల పత్తి మీద తెచ్చిన అప్పు. కోర్సు పేరు చూసి ఫీజు కట్టొద్దని ఇంత గట్టిగా చెబుతున్నది అందుకే. సిలబస్ అడగండి. పోయిన ఏడాది చదివిన పిల్లలు చేసిన ముక్కలు వినిపించమని అడగండి. చూపించలేని చోట చేరకండి.

మిల్లు చప్పుడు సంగీతమేనా?

అక్క అడిగిన మొదటి ప్రశ్న ఇదే. కోపంగా అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఆమెకు చెప్పిందే ఇక్కడా చెబుతాను.

1948లో పారిస్ రేడియోలో పనిచేసే పియర్ షాఫర్ అనే ఇంజినీరు రైలు ఇంజిన్ల చప్పుళ్లను రికార్డు చేసి, వాటిని కోసి, తిప్పి, మళ్లీ మళ్లీ పెట్టి ముక్కలు కట్టాడు. రేడియోలో వినిపించాడు. ఈ సంగీతానికి ఒక మొదలు అది. 1951లో జర్మనీలోని కొలోన్ రేడియో స్టూడియో మొదలైంది. అక్కడివాళ్లు రికార్డు చేసిన చప్పుడు కాకుండా విద్యుత్ పరికరాల నుంచి పుట్టించిన స్వరంతో పనిచేశారు. 1950ల చివరలో న్యూయార్క్‌లో కొలంబియా, ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలు కలిసి ఒక కేంద్రం పెట్టాయి. అప్పట్లో ఈ పరికరాలు గది నిండా పరుచుకునేవి. కొనే శక్తి రేడియోలకూ యూనివర్సిటీలకే ఉండేది. ఈ సంగీతం యూనివర్సిటీల్లో వేళ్లూనుకోవడానికి అదొక కారణం.

మన దేశానికీ ఇది కొత్త కాదు. 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో విద్యుత్‌తో స్వరాలు పుట్టించే మోగ్ సింథసైజర్‌తో ఒక స్టూడియో మొదలైంది. అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి దాన్ని అమర్చాడు. మన సంగీతం బాగా తెలిసిన గీతా సారాభాయి లాంటివాళ్లు అందులో పనిచేశారు. కొన్నేళ్లకే ఆ పని ఆగిపోయింది. ఆ టేపులు దశాబ్దాల పాటు సంస్థ ఆర్కైవ్‌లోనే ఉండిపోయి, 2017 తర్వాతే మళ్లీ బయటి ప్రపంచం చెవిన పడ్డాయి. ఆ స్టూడియో ఆగకుండా నడిచి ఉంటే ఈ రోజు మా అల్లుడు బార్సిలోనా పేరు ఎత్తే అవసరం ఉండేది కాదేమో. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

దగ్గరి దారులు

మన పక్కనే మహాత్మాగాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ ఉన్నాయి. ఈ చదువు కోసం అక్కడికి పోలేం. కానీ వాటి కింద కాలేజీల్లో దొరికే బీఎస్సీ ఫిజిక్స్, గణితం, కంప్యూటర్ సైన్స్ ఈ సంగీతానికి గట్టి పునాది. తరంగం, ప్రతిధ్వని, ఏ చప్పుడునైనా సాదా తరంగాలుగా విడదీసి చూపే ఫోరియర్ సిరీస్, ఇవన్నీ అక్కడే వస్తాయి. యానిస్ జెనాకిస్ అనే గ్రీకు సంగీతకర్త చదివింది సివిల్ ఇంజినీరింగ్. చండీగఢ్‌ను రూపుదిద్దిన లె కార్బుజియే దగ్గర పన్నెండేళ్లు పనిచేస్తూనే సంగీతం రాశాడు. ఆయన సంగీతంలో లెక్కలు పునాదిలో ఉంటాయి. కాబట్టి ‘సంగీతం కావాలనుకున్నోడికి ఫిజిక్స్ ఎందుకు’ అనే మాట నేను ఒప్పుకోను.

రెండోది హైదరాబాద్ రాంకోఠిలోని త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల, వరంగల్‌లోని విద్యారణ్య కళాశాల లాంటివి. ప్రైవేటుతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. ఎలక్ట్రానిక్స్ నేర్పరు. కానీ చెవి ఇస్తారు. శ్రుతి ఒక వెంట్రుక వాసి తప్పినా పట్టుకునే చెవి ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వదు. డిగ్రీ చేస్తూ గాత్రమో, వీణో, మృదంగమో నాలుగేళ్లు గురువు దగ్గర నేర్చుకున్నవాడికి, బయటి యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టినప్పుడు తనదంటూ చెప్పుకోడానికి ఒకటి ఉంటుంది.

చెన్నైలో ఎ.ఆర్. రెహమాన్ 2008లో స్థాపించిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ ఉంది. పాశ్చాత్య శాస్త్రీయం, హిందుస్తానీ, మ్యూజిక్ టెక్నాలజీ ఒకే కప్పు కింద దొరకడం దాని బలం. లండన్‌లోని మిడిల్‌సెక్స్ యూనివర్సిటీతో కలిసి డిప్లొమా నడిపిన చోటు అది. పియానో, స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద స్వరాలు రాసే పాశ్చాత్య పద్ధతి) మొదటి నుంచి నేర్చుకోవాలంటే, చుట్టూ పాడేవాళ్లు వాయించేవాళ్లు కావాలంటే ఇది మంచి దారి. కానీ ఫీజుకు తోడు చెన్నైలో ఉండే ఖర్చు కూడా కలిపి లెక్క వేయండి. సినిమా సంగీతం వైపు మనసున్నవాళ్లకు ఇది ఎక్కువ సరిపోతుందని నా అభిప్రాయం.

సౌండ్ వైపు పోవాలనుకునే పిల్లలకైతే నేను రెండు పేర్లే చెబుతాను. పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్. రెండూ ప్రభుత్వ సంస్థలు. డిగ్రీ తర్వాత మూడేళ్ల చదువు. ప్రవేశ పరీక్ష ఉంటుంది, సీట్లు చాలా తక్కువ. 2009లో ఆస్కార్ తీసుకున్న రసూల్ పూకుట్టి పుణెలో చదివినవాడే. నేను అప్పుడే ఈ సంగతి తెలుసుకుని పరీక్షకు కూర్చుని ఉంటే ఆ అప్పు పడేది కాదు.

పరిశోధన వైపు ఐఐటీ మద్రాస్, ఐఐటీ బాంబే, మన గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ ఉన్నాయి. కర్ణాటక, హిందుస్తానీ సంగీతాల మీద, సంగీతాన్ని మెదడు ఎలా వింటుందనే దాని మీద వీటిల్లో పని జరిగింది. వీటికి దారి సంగీతం గుండా రాదు, బీటెక్ గుండా వస్తుంది.

బయటి దారులు

మా వాడి నోట్లో ఉన్న బార్సిలోనా సంగతి ముందు చెబుతాను. అక్కడి పొంపెయు ఫాబ్రా యూనివర్సిటీలో మ్యూజిక్ టెక్నాలజీ గ్రూప్ ఉంది. జావియర్ సెర్రా నడిపించిన కాంప్‌మ్యూజిక్ అనే ప్రాజెక్టు 2011 నుంచి కర్ణాటక, హిందుస్తానీ, టర్కీ, చైనా సంగీతాలను కంప్యూటర్‌తో పరిశీలించింది. ఐఐటీ మద్రాస్ వాళ్లూ అందులో ఉన్నారు. ప్రపంచమంతా చప్పుళ్లు పంచుకునే ఫ్రీసౌండ్ కూడా ఆ గ్రూపే 2005లో మొదలుపెట్టింది. అంత మంచి చోటు. కానీ అక్కడి సౌండ్ అండ్ మ్యూజిక్ కంప్యూటింగ్ మాస్టర్స్ పరిశోధన చదువు. ఏడాది కోర్సు, ఇంగ్లీషులో ఉంటుంది, ప్రోగ్రామింగ్ రావాలి. సంగీతం రాయడం నేర్పే చోటనుకుని పోతే నిరాశ తప్పదు. మా వాడికి ఈ ఒక్క ముక్క చెప్పేసరికి సగం టెన్షన్ తగ్గింది. ఇంటర్ అవ్వగానే పోయే చోటు అది కానే కాదు.

రాయడం కావాలంటే నా మనసు నెదర్లాండ్స్ వైపు పోతుంది. హేగ్ నగరంలోని రాయల్ కన్సర్వేటరీలో ఎలక్ట్రానిక్ సంగీతం నేర్పే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోనాలజీ ఉంది. అది యుట్రెక్ట్ యూనివర్సిటీలో పుట్టి 1986లో హేగ్‌కు మారింది. నాలుగేళ్ల డిగ్రీ, రెండేళ్ల మాస్టర్స్, వీటితో పాటు ఏడాది కోర్సు కూడా ఉంది. ఇంగ్లీషులోనే చెబుతారు. అక్కడ పియానో బాగా వాయిస్తావా అనే దానికంటే నువ్వు చేసిన పనులేంటి, వాటి వెనుక నీ ఆలోచనేంటి అనేది ముఖ్యం. మన ఊళ్ల నుంచి పోయే పిల్లలకు ఇది పెద్ద ఊరట. యూరప్ బయటి నుంచి వచ్చేవాళ్లకు ఫీజు ఎక్కువ, అదొక్కటే ఇబ్బంది.

జర్మనీలో దీనికి రివర్స్. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ సంగీత విద్యాలయాలకు ట్యూషన్ ఫీజు ఉండదు. బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం బయటి దేశాలవాళ్లు సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలి. ఫీజు లేదని సంతోషపడే లోపు వీసా లెక్క వస్తుంది. ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు కొంత చొప్పునే తీసుకోగల ఖాతా) ముందే చూపించాలి. 2024 సెప్టెంబర్ నుంచి అది 11,904 యూరోలు. మన లెక్కలో పది లక్షలు దాటుతుంది. మన చదువు పత్రాలు సరైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ కావాలి. కంపోజిషన్‌కు చాలా చోట్ల స్వరజ్ఞానం, హార్మనీ, పియానో మీద ప్రవేశ పరీక్ష పెడతారు. జర్మన్ భాష అడుగుతారు. ఇంటర్ ఒక్కటే చేతిలో ఉంటే అక్కడ నేరుగా డిగ్రీలో చేరడం సాధారణంగా కుదరదు, కనీసం ఏడాది ఇక్కడ డిగ్రీ చదివి ఉండాలి. నొటేషన్ గట్టిగా వచ్చి, ఓపికగా భాష నేర్చుకునే పిల్లలకు మాత్రం డబ్బు పరంగా ఇంతకంటే మంచి దారి బయట లేదు.

యూకేలో మాస్టర్స్ ఏడాదిలో అయిపోతుంది, ఫీజు మాత్రం భారీ. బెల్‌ఫాస్ట్, బర్మింగ్‌హామ్‌లలో ఈ సంగీతానికి మంచి పేరుంది. అప్పు చేసి పోవద్దనే చెబుతాను. అమెరికాలో మాస్టర్స్ కంటే డాక్టరేట్ మేలు. చాలా యూనివర్సిటీలు కంపోజిషన్ డాక్టరేట్‌కు ఫీజు మాఫీ చేసి నెలనెలా స్టైపెండ్ ఇస్తాయి. పోటీ చాలా గట్టిగా ఉంటుంది. ఇరవై రెండేళ్ల వయసు వచ్చాక చూసుకోవాల్సిన సంగతి అది.

తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు విదేశాల్లో పీజీకి 20 లక్షల దాకా సాయం చేసే విద్యానిధి పథకాలు నడుపుతోంది. ఇవి డిగ్రీ అయ్యాకే వర్తిస్తాయి. ఏ కోర్సులకు ఇస్తారో ఒక జాబితా ఉంటుంది. సంగీతం పేరుతో ఉన్న కోర్సు అందులోకి వస్తుందో రాదో జిల్లా సంక్షేమ కార్యాలయంలో దరఖాస్తుకు ముందే అడిగి తేల్చుకోండి. మ్యూజిక్ టెక్నాలజీ, సౌండ్ కంప్యూటింగ్ లాంటి కోర్సు అయితే ఏ విభాగం కింద చూస్తారని కూడా అడగండి.

ఇంట్లో దొరకనిది ఏంటి?

ఇన్ని లక్షలు పెట్టి పోవడం దేనికి, యూట్యూబ్ ఉంది కదా అని బావ అడిగాడు. న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు దొరికితేనే ఎంపిక కుదురుతుంది.

పరికరాల కోసం పోనక్కర్లేదు. 1983లో యమహా డీఎక్స్7 అనే కీబోర్డు వచ్చింది. అందులోని సూత్రాన్ని కనిపెట్టింది స్టాన్‌ఫర్డ్‌లో సంగీతం రాసే జాన్ చౌనింగ్, 1967లో. ఆయన స్వరాన్ని కొద్దిగా పైకీ కిందికీ ఊపుతున్నాడు. మన భాషలో కంపితం అనుకోండి. ఆ ఊపును అలా వేగం పెంచుకుంటూ పోయాడు. సెకనుకు ఇరవై సార్లు దాటి ఇంకా పోతే చెవికి ఊపు వినిపించడం మానేసి, స్వరం రంగే మారిపోయి వినిపించింది. గంటలాగా, ఇత్తడిలాగా.

ఈ ప్రయోగాన్ని మా అల్లుడూ నేనూ వాళ్ల డాబా మీద కూర్చుని పాత లాప్‌టాప్‌లో ప్యూర్ డేటా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చేశాం. 400 హెర్ట్జ్ (సెకనుకు 400 కంపనాల) స్వరం పెట్టాం. దాన్ని సెకనుకు 5 సార్లు ఊపాం. గాయకుడి గొంతులా ఉంది. 10, 15. మేకపిల్ల అరుపులా మారింది. 30 దగ్గర గరగర. 100 దగ్గరికి వచ్చేసరికి అసలు స్వరం పక్కన 300, 500, 200, 600 దగ్గర కొత్త స్వరాలు పుట్టి, అన్నీ కలిసి రాగి చెంబును కొట్టినట్టు మోగింది. వాడు హెడ్‌ఫోన్స్ తీసి నా మొహం చూశాడు. “మామా, ఇది మనమే చేసినమా?” అన్నాడు. ఒక యూనివర్సిటీ ప్రయోగశాలలో పుట్టిన సంగతి, యాభై ఎనిమిదేళ్లకు మిర్యాలగూడ డాబా మీద రూపాయి ఖర్చు లేకుండా జరిగింది. ప్రోగ్రాం రాసి చప్పుడు పుట్టించే సూపర్‌కొలైడర్, రికార్డు చేసి కోయడానికి ఆడాసిటీ, నొటేషన్‌కు మ్యూజ్‌స్కోర్, ఇవన్నీ ఉచితమే. పొంపెయు ఫాబ్రా, స్టాన్‌ఫర్డ్ కలిసి కోర్సెరాలో పెట్టిన సంగీత సిగ్నల్ ప్రాసెసింగ్ పాఠాలూ ఇంటి నుంచే చదవొచ్చు.

యూనివర్సిటీ ఇచ్చేవి వేరే. ఒకటి హాలు. చుట్టూ ఎనిమిది, పదహారు, అంతకంటే ఎక్కువ స్పీకర్లు పెట్టి చప్పుడును గదిలో నడిపించే హాళ్లు ఉంటాయి. పారిస్‌లో 1974 నుంచి స్పీకర్లతోనే ఒక ఆర్కెస్ట్రా కట్టి వాయిస్తున్నారు. ఇంట్లో రెండు స్పీకర్ల ముందు కూర్చుని చేసిన ముక్క అలాంటి హాల్లో ఎలా నిలబడుతుందో వింటేనే తెలుస్తుంది. రెండోది మనుషులు. రాసింది వాయించడానికి చెలో విద్యార్థి పక్క గదిలో ఉంటుంది. ఈ స్వరం నా వేళ్లకు అందదని ఆమె చెబుతుంది. ఆ ఒక్క మాట వంద వీడియోలకు సమానం. మూడోది, అన్నిటికంటే పెద్దది, విమర్శ. వారం వారం నీ ముక్క విని, రెండో నిమిషంలో నువ్వు భయపడి బీట్ పెట్టావు, ఎందుకు అని అడిగే గురువు. నేను డబ్బు కట్టి కూడా పొందలేకపోయింది అదే.

కాబట్టి ఏ కోర్సునైనా ఈ మూడిటితో తూచండి. వారానికి ఎన్నిసార్లు నా పని ఒక గురువు విడిగా వింటారు? ఏడాదికి ఎన్ని ముక్కలు జనం ముందు వినిపిస్తారు? రాసింది వాయించడానికి వాయిద్యకారులు ఉన్నారా? ఈ మూడు ప్రశ్నలూ ఈమెయిల్‌లో అడగండి. కంప్యూటర్ల సంఖ్య గురించి రాసి ఊరుకున్నారంటే ఇంకో చోటు చూసుకోండి.

పోర్ట్‌ఫోలియో మన ఊళ్లోనే ఉంది

బయటికి పోవాలంటే కావలసింది మార్కుల కంటే పోర్ట్‌ఫోలియో. రెండు మూడు ముక్కలు, అన్నీ కలిపి పదిహేను ఇరవై నిమిషాలు, ఒక్కోదానికి పేజీలో సగం వివరణ. చాలా చోట్ల గడువులు చలికాలంలోనే అయిపోతాయి, కాబట్టి ఏడాది ముందు నుంచే పని మొదలుపెట్టాలి.

ఇక్కడ మన పిల్లలకు ఉన్న సంపద మామూలుది కాదు. డప్పునే తీసుకోండి. కొట్టే ముందు మంట దగ్గర కాచుతారు. తోలు ఆరి బిగుసుకుని స్వరం పైకి పోతుంది, మోత పదునెక్కుతుంది. కాచక ముందు ఒకసారి, కాచాక ఒకసారి రికార్డు చేసి ఆడాసిటీలో స్పెక్ట్రమ్ (చప్పుడులో ఏ స్వరం ఎంత బలంగా ఉందో చూపే చిత్రం) చూడండి. ఆ రెండు చిత్రాల మధ్య ఉన్న తేడాయే ఒక ముక్కకు నిర్మాణం కావచ్చు. పది నిమిషాల్లో ఒక తోలు మెల్లమెల్లగా బిగుసుకోవడం వినిపించడమే అసలు సంగతి. నాగర్‌కర్నూల్ వైపు పన్నెండు మెట్ల కిన్నెర ఉంది. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్య వాయించింది అదే.  తీగను మీటిన శబ్దాన్ని కంప్యూటర్‌లో పుట్టించే కార్ప్లస్-స్ట్రాంగ్ పద్ధతి 1983లో వచ్చింది. ఒక చిన్న గరగర చప్పుడును గొలుసులా తిప్పుతూ ప్రతి చుట్టుకూ కొంచెం మెత్తబరచడమే అది. సెకను చప్పుడును 44,100 శాంపిళ్లుగా, అంటే విడి అంకెలుగా, దాచే లెక్కన 220 హెర్ట్జ్ తీగ కావాలంటే గొలుసు పొడవు దాదాపు 200 శాంపిళ్లు. ఇంటర్ పిల్లలు చేయగల లెక్క. ఆ తీగకు కిన్నెర సొరకాయ బుర్రల గుల్ల మోత ఎలా తెస్తావనేది యూనివర్సిటీ వాళ్లకు నిజంగా ఆసక్తి కలిగించే ప్రశ్న. పోచంపల్లి మగ్గం, గద్వాల మగ్గం, నాగార్జునసాగర్ గేట్లెత్తిన రోజు నీటి హోరు, ఇవన్నీ ఉన్నాయి.

ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. డప్పు కొట్టిన మనిషి దగ్గర, కిన్నెర వాయించిన మనిషి దగ్గర అనుమతి తీసుకోండి. ఇవ్వగలిగింది ఇవ్వండి. ముక్కలో వాళ్ల పేరు రాయండి. తయారయ్యాక మొదట వాళ్లకే వినిపించండి. తరాలుగా వాళ్ల చేతుల్లో ఉన్న విద్యను ‘నేను సేకరించిన చప్పుడు’ అని రాసుకోవడం తప్పు.

అయితే ఏది తీసుకోవాలి?

నా తీర్పు సూటిగా చెబుతాను. కంపోజిషనే కావాలనుకుని, ఇంట్లో పెద్దగా డబ్బు లేకపోతే: డిగ్రీ ప్రవేశాల వెబ్‌సైట్ దోస్త్‌లో బీఎస్సీ ఫిజిక్స్ లేదా కంప్యూటర్ సైన్స్ పెట్టుకుని ఇక్కడే చేరండి. పక్కన ఒక గురువు దగ్గర గాత్రమో వాయిద్యమో, వారానికోసారి పియానో, నొటేషన్ నేర్చుకోండి. హైదరాబాద్‌లో ట్రినిటీ, ఏబీఆర్ఎస్ఎం అనే బ్రిటన్ సంస్థల సంగీత పరీక్షలు జరుగుతాయి, గ్రేడ్ 5 థియరీ దాకా వస్తే దరఖాస్తుకు బలం. మూడేళ్లలో పోర్ట్‌ఫోలియో కట్టి మాస్టర్స్‌కు బయటికి వెళ్లండి. స్కాలర్‌షిప్ దారులు తెరుచుకునేది కూడా అప్పుడే.

డబ్బుకు ఇబ్బంది లేకపోయి, పద్దెనిమిదేళ్లకే తన పని చూపించగల పిల్లలైతే హేగ్‌కు డిగ్రీ నుంచే దరఖాస్తు పెట్టొచ్చు. నొటేషన్ సున్నా నుంచి మొదలుపెట్టాలి, చుట్టూ సంగీతకారులు కావాలి అంటే చెన్నై. త్వరగా ఉద్యోగం కావాలంటే ఏదైనా డిగ్రీ చేసి పుణె, కోల్‌కతా. ప్రోగ్రామింగ్‌లో దమ్మున్నవాళ్లకు బీటెక్, ఆపైన బార్సిలోనా. ఇల్లు తాకట్టు పెట్టి మాత్రం ఎక్కడికీ పోవద్దు.

“మరి వీడు ఎప్పుడు సంపాదిస్తడు?” అని అక్క అడిగింది. ఆమెకు అబద్ధం చెప్పలేదు. ఈ సంగీతం రాసి దాంతోనే బతికేవాళ్లు ఎక్కడైనా తక్కువ. చదివినవాళ్లు ఎక్కువగా బోధనలో, సినిమా సౌండ్‌లో, గేమ్ ఆడియోలో, సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తూ రాసుకుంటారు. బీఎస్సీ చేతిలో ఉంటే వాడికి అన్నం పెట్టే పని ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అది విన్నాక ఆమె కొంచెం కుదుటపడింది.

మేనల్లుడు నల్లగొండలో బీఎస్సీలో చేరాడు. ఆదివారాలు హైదరాబాద్ వచ్చి పియానో నేర్చుకుంటున్నాడు, సాయంత్రం నా దగ్గరికి వచ్చి ఆ వారం చేసింది వినిపిస్తాడు. మిల్లు ముక్క ఇప్పుడు తొమ్మిది నిమిషాలైంది. పోయినసారి బావ కూడా వచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాడు. ఆరో నిమిషంలో చెయ్యెత్తి ఆపమన్నాడు. “ఈడ బేరింగ్ అరిగిన చప్పుడు పెట్టినవు, ఆ తర్వాత మిల్లు గింత సాఫీగ నడవదు” అన్నాడు. వాడు ఆ రాత్రే ఆ తర్వాతి మూడు నిమిషాలు తీసేసి మళ్లీ కట్టడం మొదలుపెట్టాడు. వచ్చే పెద్దగట్టు జాతరకు బేరీల మోత, గజ్జెల లాగుల చప్పుడు రికార్డు చేయడానికి ఇప్పటి నుంచే దురాజ్‌పల్లి వాళ్లతో మాట్లాడుతున్నాడు.